‘సర్వర్ పడిపోయింది’ అన్నప్పుడు తెగేదేమిటి?

క్లుప్తంగా: దుకాణాల్లో, ల్యాబుల్లో, కాలేజీల్లో సొంతంగా పెట్టుకున్న వెబ్ సర్వర్లు ‘మధ్యమధ్యలో పోతున్నాయి’ అన్న ఫిర్యాదు వినడానికి ఒకటే. దాని వెనక జబ్బులు మాత్రం అరడజను. చాలాసార్లు సర్వర్ నడుస్తూనే ఉంటుంది. దానికీ వాడేవాళ్లకీ నడుమ ఉన్న పెట్టెల్లో ఏదో ఒకటి ఆ కనెక్షన్‌ను మర్చిపోతుంది. ఎక్కడ తెగిందో తేలాలంటే, ఎన్ని గంటలకు తెగింది, ఎర్రర్ రావడానికి ఎంతసేపు పట్టింది అన్నవి ముందు చూడాలి. తొందరపడి రీస్టార్ట్ చేస్తే పోయేది ఆ ఆనవాళ్లే.

కావలి ట్రంకు రోడ్డు పక్కన రొయ్యల మేత, మందులు అమ్మే దుకాణం ఒకటి ఊహించుకోండి. గల్లా బల్ల కింద, మేత పొడి పడకుండా అట్టముక్క కప్పిన పాత సిస్టం. అదే సర్వర్. బిల్లులు, స్టాకు, రైతుల అప్పు ఖాతాలు అన్నీ దాంట్లోనే. కౌంటర్లో రెండు సిస్టంలు, గోడౌన్‌లో గుమాస్తా ఫోను దాని అడ్రస్ 192.168.1.10 అని కొట్టి ఆ పేజీనే తెరుస్తాయి. పొద్దున షట్టర్ ఎత్తి మొదటి బిల్లు కొడితే ఎర్రర్. పదకొండు గంటలప్పుడు, చెరువుల మీంచి వచ్చిన రైతులు బల్ల ముందు నిలబడ్డ వేళ, పేజీ తిరుగుతూనే ఉంటుంది.

‘‘సర్వర్ మళ్లా పోయిందన్నా’’ అంటాడు కుర్రాడు.

‘‘ఆపి ఆన్ చెయ్‌రా’’ అంటాడు యజమాని.

మూడు నిమిషాల్లో అంతా మామూలే. మర్నాడు మళ్లా అదే తంతు.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇలాంటి సర్వర్లు చాలా వేషాల్లో కనిపిస్తాయి. చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో బ్లాకుల కొలతలు రాసుకునేది, ఒంగోలు డయాగ్నస్టిక్ సెంటర్‌లో రిపోర్టులు చూపించేది, రైసుమిల్లు వేబ్రిడ్జి పక్కన తూకాలు పట్టేది, ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ప్రాక్టికల్ పరీక్ష నడిపేది. క్లౌడ్ సేవలు ఇంతగా అందుబాటులో ఉన్నా వీటిని పెట్టుకోవడానికి రెండే కారణాలు చెబుతారు. నెలనెలా చందా కట్టక్కర్లేదు, నెట్ పోయినా పని ఆగదు. రెండో మాట ఆచరణలో ఎందుకు నిలవదో తర్వాత చూద్దాం.

కనెక్షన్ తీగలో ఉండదు

తీగ పెరికితే కనెక్షన్ తెగిపోతుందనుకోవడం సహజం. కానీ రెండు స్విచ్‌ల మధ్య తీగను పెరికి, పది సెకన్లాగి మళ్లీ గుచ్చితే, ఆ దారిన నడుస్తున్న కనెక్షన్లలో చాలావరకు బతికే ఉంటాయి. ఎందుకంటే వెబ్ పేజీలు ఎక్కువగా వాడుకునే టీసీపీ పద్ధతిలో కనెక్షన్ ఒక జ్ఞాపకం మాత్రమే. 1981లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 793 (ఇంటర్నెట్ నియమాలు రాసే పత్రాల వరుసలో ఒకటి) నాటి నుంచీ దాని స్వరూపం అదే. ఫోను ‘మాట్లాడదామా’ అని ఒక ప్యాకెట్ (సమాచారపు చిన్న పొట్లం) పంపుతుంది, సర్వర్ ‘సరే’ అంటుంది, ఫోను ‘సరే అన్నావు గదా’ అని ఖాయం చేసుకుంటుంది. అప్పటి నుంచి ఇద్దరూ తమ తమ పట్టీలో ఒక పద్దు రాసుకుంటారు. ఎవరితో మాట్లాడుతున్నాం, ఎంతవరకు పంపాం, ఎంతవరకు అందింది అన్నదే ఆ పద్దు. మధ్యలో రౌటర్ ఉండి అడ్రస్‌లు మార్చే పని చేస్తుంటే దాని దగ్గర మూడో పద్దు ఉంటుంది.

ముగ్గురిలో ఒకరి పట్టీ చిరిగితే కనెక్షన్ పోయినట్టే. అయితే ఆ సంగతి మిగతా ఇద్దరికీ వెంటనే తెలియదు. మళ్లీ ఏదైనా పంపి, జవాబు రాక, ఎదురుచూసి, విసిగాకే తెలుస్తుంది. ఆ విసుగుకూ లెక్క ఉంది. లినక్స్‌లో అప్పటికే కుదిరిన కనెక్షన్ మీద పంపిన ప్యాకెట్‌కు జవాబు రాకపోతే, వ్యవధి పెంచుకుంటూ 15 సార్లు మళ్లీ పంపి, దాదాపు 15 నిమిషాల తర్వాత గానీ వదులుకోదు. కొత్తగా కనెక్ట్ అవ్వాలని తలుపు తడితే రెండు నిమిషాలకు పైగా చూస్తుంది. విండోస్ అయితే 21 సెకన్ల దగ్గర చేతులెత్తేస్తుంది. ‘హ్యాంగ్ అయింది’ అని జనం అనే స్థితిలో చాలా భాగం ఈ ఎదురుచూపే. మధ్యలో ఎవరూ చెడిపోయి ఉండకపోవచ్చు, ఒకరు మర్చిపోయిన సంగతి ఇంకొకరికి అందలేదంతే.

ఎర్రర్ మాటల్లోనే సగం జవాబు

బ్రౌజర్ చూపించే ఎర్రర్‌ను ఎవరూ చదవరు. చదివితే వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే, సిస్టం దాకా దారి బాగానే ఉందన్నమాట. ఇంటికెళ్లి తలుపు కొడితే లోపలి నుంచి ‘ఆయన లేడు’ అని జవాబొచ్చినట్టు. మనిషి ఉన్నాడు, అడిగిన పనివాడు లేడు. పేజీలు అందించే ప్రోగ్రాం, అంటే అపాచీ గానీ ఎన్‌జిన్‌ఎక్స్ గానీ, ఆగిపోయి ఉంటుంది. లేదా పోర్టు నంబరు, అంటే సిస్టంలో ఆ ప్రోగ్రాం తలుపు నంబరు, మారి ఉంటుంది. లేదా ఆ ప్రోగ్రాం 127.0.0.1 మీద మాత్రమే కూర్చుని, సొంత సిస్టంకు తప్ప ఇంకెవరికీ పలకనని భీష్మించుకుని ఉంటుంది.

‘టైమ్డ్ ఔట్’ అంటే తలుపు ఎంత కొట్టినా ఉలుకూ పలుకూ లేకపోవడం. సిస్టం ఆగిపోయింది, నిద్రపోయింది, అడ్రస్ మారింది, తీగ పోయింది, లేదా ఫైర్‌వాల్ అనే కాపలా ప్రోగ్రాం వచ్చిన ప్యాకెట్లను చప్పుడు చేయకుండా పారేస్తోంది. వీటిలో ఏదైనా బయటికి ఒకేలా కనిపిస్తుంది.

‘రీసెట్’ అంటే మాట్లాడుతుండగానే ఫోన్ పెట్టేయడం. సర్వర్ ప్రోగ్రాం మధ్యలో కూలితే వస్తుంది, రీస్టార్ట్ అయిన సర్వర్‌కు పాత పద్దు మీద ప్యాకెట్ వస్తే ‘నువ్వెవరో నాకు తెలీదు’ అంటూ పంపేదీ ఇదే.

ఇక 502, 503, 504 అంకెలతో ఏదైనా పేజీ వస్తే నెట్‌వర్క్ జోలికి వెళ్లనక్కర్లేదు. కనెక్షన్ నిక్షేపంగా ఉంది, కడుపునొప్పి లోపల.

గడియారం ఇచ్చే సాక్ష్యం

సర్వర్ వెనక ఉన్న ప్రతి పొరకూ ఒక గడువు ఉంటుంది. ఏ అంకె దగ్గర తెగుతోందో గమనిస్తే ఆ పొర పేరు దాదాపు బయటపడుతుంది. వైర్లు మార్చడం, విండోస్ మళ్లీ ఎక్కించడం లాంటి ఖర్చులకన్నా ముందు పెట్టాల్సిన పని ఇదే, కాగితం పెన్ను తప్ప దీనికి ఖర్చూ లేదు.

సరిగ్గా అరగంట ఎవరూ కీబోర్డు ముట్టకపోతే పోతోందంటే అది విండోస్ నిద్ర. విండోస్ 10 నడిచే టేబుల్ మీది సిస్టంలకు మామూలుగా పెట్టి వచ్చే గడువు 30 నిమిషాలు. కౌంటర్ల నుంచి బిల్లులు వస్తూనే ఉన్నా, ఆ సిస్టం ముందు మనిషి కదలకపోతే అది ఖాళీగా ఉన్నట్టే లెక్క వేసుకోవచ్చు. సర్వర్ నిద్రపోవడం కారణమని తేలినప్పుడు ఎవరూ ఒప్పుకోవడానికి ఇష్టపడరు, కానీ చిన్న దుకాణాల్లో ఇది తరచూ దొరికే దొంగ.

పెద్ద రిపోర్టు అడిగినప్పుడల్లా 30 సెకన్ల దగ్గర ఆగితే పేజీని తయారుచేసే పీహెచ్‌పీ గడువు, 60 దగ్గర ఆగితే ముందు కూర్చున్న ఎన్‌జిన్‌ఎక్స్ గానీ అపాచీ గానీ విసిగిపోయిందని అర్థం. ఈ రెండు చోట్లా అంకెను పెంచమని సలహా దొరుకుతుంది. పెంచితే ఎర్రర్ పోతుంది, రైతు ఖాతా తెరవడానికి నిమిషం పట్టడం మాత్రం పోదు.

అన్నిటికంటే విచిత్రమైనది పొద్దున మొదటి బిల్లు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పలుకు లేని కనెక్షన్‌ను 28,800 సెకన్లు, అంటే సరిగ్గా 8 గంటలు ఉంచి తెంపేసే అమరిక మామూలుగా ఉంటుంది. దుకాణం రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఎనిమిదికి తెరిస్తే మధ్యలో 11 గంటలు. బిల్లింగ్ ప్రోగ్రాం మాత్రం నిన్న రాత్రి తెరిచిన కనెక్షన్ ఇంకా ఉందనుకుని దాని మీదే మొదటి బిల్లు పంపుతుంది. ‘మైఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే’ అని జవాబొస్తుంది. రెండోసారి కొడితే కొత్త కనెక్షన్ తెరుచుకుని బిల్లు వచ్చేస్తుంది. ఇదే ప్రోగ్రాం రేయింబవళ్లు నడిచే రొయ్యల హేచరీలో పెడితే ఈ జబ్బు ఏనాడూ కనిపించదు, ఎందుకంటే అక్కడ ఎనిమిది గంటలు ఊరికే ఉండే రాత్రి లేదు. ‘వాళ్ల దగ్గర బాగానే ఉంది, మీ సిస్టంలోనే ఏదో ఉంది’ అని ప్రోగ్రాం అమ్మినవాళ్లు అనడంలో అబద్ధం లేదు, పనికొచ్చే నిజమూ లేదు.

చెరువు గట్ల మీద ఇంకో గడువు పనిచేస్తుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను, రైతులు డీఓ అనేదాన్ని, కొలిచే పరికరం సిమ్ కార్డు మోడెం ద్వారా పది నిమిషాలకోసారి రీడింగ్ పంపుతుందనుకుందాం. ఒకే కనెక్షన్‌ను తెరిచి పెట్టుకుని దాని మీదే అన్నీ పంపేలా దాన్ని రాశారు. మధ్యలో అడ్రస్‌లు మార్చే పరికరాలకు కోట్ల పద్దులు దాచుకునే చోటు లేదు. పలుకు లేని పద్దును కొట్టేస్తాయి. కుదిరిన టీసీపీ కనెక్షన్‌ను కనీసం 2 గంటల 4 నిమిషాలు గుర్తుంచుకోవాలని 2008 నాటి ఆర్‌ఎఫ్‌సీ 5382 చెబుతుంది. ఆ వింత అంకెకు కారణం ఉంది. కనెక్షన్ బతికుందో లేదో తట్టి చూసే కీప్ అలైవ్‌కు 1989 నాటి ప్రమాణం నుంచీ మామూలు వ్యవధి 2 గంటలు. ఆ తట్టు పడేదాకానైనా గుర్తుంచుకోండి అన్నది ఉద్దేశం. ఆచరణలో చాలా చోట్ల నిమిషాల్లోనే మర్చిపోతారు. అప్పుడు మోడెం రీడింగ్ పంపుతూనే ఉంటుంది, అది మధ్యలోనే మాయమవుతుంది, మోడెంకు తెలియడానికి చాలాసేపు పడుతుంది. తెల్లవారుజామున డీఓ పడిపోయే వేళ స్క్రీన్ మీద పాత అంకె కనిపిస్తుంటే, ఏరియేటర్ వేయాలా వద్దా అన్నది దాన్ని చూసి తేల్చుకోవడం ప్రమాదం. దీనికి మందు రెండు రకాలు. నిమిషానికోసారి కీప్ అలైవ్ పంపడం, లేదా రీడింగ్ రీడింగ్‌కూ కొత్త కనెక్షన్ తెరవడం. పది నిమిషాలకోసారి పంపేదానికి రెండోదే మేలు, దాచుకునే జ్ఞాపకం లేకపోతే పోయేదీ ఉండదు.

కరెంటు పోయి వచ్చాక

తీరం వెంట ఈ రెండు జిల్లాలకు ఈశాన్య రుతుపవనాలు పెద్ద దిక్కు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు, తుపాన్లు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటిలాంటి రోజుల్లో అంతా ఆగిపోతుంది కాబట్టి అనుమానాలకు తావుండదు. తలనొప్పి అంతా రోజువారీగా రెప్పపాటు పోయి వచ్చే కరెంటుతో.

సర్వర్‌కు యూపీఎస్ పెడతారు. రౌటర్‌ను, స్విచ్‌ను గోడకున్న మామూలు ప్లగ్గులోనే వదిలేస్తారు. వోల్టేజీ ఒక్క క్షణం కుంగినా చిన్న 12 వోల్టుల అడాప్టర్ మీద నడిచే రౌటర్ ఆగి మళ్లీ లేస్తుంది. లేచి వైఫై ఇవ్వడానికి ఒకటి రెండు నిమిషాలు. ట్యూబులైటు కూడా ఆరకపోయి ఉండొచ్చు కాబట్టి కరెంటు పోయిందని ఎవరికీ తోచదు. ఈలోగా కుర్రాడు సర్వర్‌ను రీస్టార్ట్ చేస్తాడు, అది లేచేసరికి రౌటరూ లేచి ఉంటుంది. పేరు రీస్టార్ట్‌కు వస్తుంది.

కరెంటు పూర్తిగా పోయి వస్తే కథ వేరు. అన్నీ ఒకేసారి లేస్తాయి. సర్వర్ ముందుగా లేచి ‘నాకో అడ్రస్ ఇవ్వండి’ అని అడుగుతుంది. అడ్రస్‌లు పంచాల్సిన రౌటర్ ఇంకా కళ్లు తెరవలేదు. దాంతో సర్వర్ తనకు తానే 169.254తో మొదలయ్యే అడ్రస్ పెట్టుకుంటుంది. ఆ అంకె కనిపించిందంటే, అడ్రస్ ఇచ్చేవాడు దొరకలేదని సిస్టం చెబుతున్నట్టే. కాసేపటికి అది మళ్లీ అడిగి సరైన అడ్రస్ తెచ్చుకోవచ్చు, కానీ పాత 192.168.1.10 వస్తుందన్న హామీ లేదు. చిన్న రౌటర్లు చాలా వాటికి, ఎవరికి ఏ అడ్రస్ ఇచ్చామో రాసుకున్న పట్టీ కరెంటుతోనే పోతుంది. పదో నంబర్ గుమాస్తా ఫోనుకు దక్కిందంటే కౌంటర్లన్నీ ఆ ఫోను తలుపు కొడుతూ కూర్చుంటాయి.

అందుకని చేత్తో స్థిరమైన అడ్రస్ పెట్టేయడం వాడుక. అది సగం మందే. రౌటర్ పంచే వరుసలో ఆ నంబరు కూడా ఉంటే, సర్వర్ ఆగి ఉన్నప్పుడు దాన్ని ఇంకొకరికి ఇచ్చేస్తుంది. సీసీ కెమెరాల డీవీఆర్‌లు (దృశ్యాలు రికార్డు చేసే పెట్టెలు) కొన్ని తయారీ నుంచే 192.168.1.108 లాంటి స్థిర అడ్రస్‌తో వస్తాయి. కెమెరాలు బిగించినవాళ్లు మార్చకపోతే అదే ఉండిపోతుంది. సర్వర్‌కూ అదే పడితే ఒకే డోర్ నంబరుతో రెండిళ్లు. పోస్టుమ్యాన్ కాసేపు ఒక ఇంటికి, కాసేపు ఇంకో ఇంటికి ఉత్తరాలు వేస్తాడు. పేజీ రెండు నిమిషాలు వస్తుంది, ఐదు నిమిషాలు రాదు. దీన్ని పట్టుకోవడం మాత్రం తేలిక. సర్వర్ తీగ పెరికేసి, ఇంకో సిస్టం నుంచి ఆ అడ్రస్‌కు పింగ్ (‘ఉన్నావా’ అని అడిగే చిన్న కమాండ్) కొట్టాలి. అయినా జవాబొస్తే ఆ ఇంట్లో ఇంకెవరో ఉన్నారు. తీగ పెట్టే ముందే అక్కడ ‘ఏఆర్‌పీ మైనస్ ఏ’ (arp -a) అన్న కమాండ్ కొడితే ఆ పరికరం మ్యాక్ అడ్రస్, అంటే దాని నెట్‌వర్క్ గుర్తింపు అంకె, కూడా కనిపిస్తుంది.

రౌటర్ సెట్టింగుల్లో సర్వర్ మ్యాక్ అడ్రస్‌కు ఒక నంబరును రిజర్వ్ చేసి, సర్వర్‌ను మామూలుగా అడిగి తెచ్చుకోనివ్వడం అన్నిటికంటే నిలకడైన పద్ధతి. పెద్ద పనేమీ కాదు, పది నిమిషాలది. చేసినవాళ్లు తక్కువ.

ఒక మూలన ఇంకో చిక్కు దాక్కుని ఉంటుంది. రౌటర్ మార్చినా, లేచేటప్పుడు విండోస్ నెట్‌వర్క్‌ను గుర్తుపట్టలేకపోయినా, ఆ నెట్‌వర్క్‌ను ‘పబ్లిక్’ కింద జమకట్టేస్తుంది. నిన్నటిదాకా ‘ప్రైవేట్’ కింద తెరిచి ఉన్న ఫైర్‌వాల్ తలుపు మూసుకుంటుంది. సర్వర్ సిస్టంలో పేజీ బ్రహ్మాండంగా తెరుచుకుంటుంది, పక్క సిస్టంలో టైమ్డ్ ఔట్. ‘నా దగ్గర వస్తోంది గదా’ అన్న వాదన ఇక్కడే మొదలవుతుంది.

నెట్ పోతే లోకల్ ఎందుకు పోతుంది?

సొంత సర్వర్‌కు ఇంటర్నెట్‌తో పనిలేదు. ఫోనుకు మాత్రం ఉంది. వైఫై దొరికినా దాని వెనక ఇంటర్నెట్ లేదని ఆండ్రాయిడ్ గమనిస్తే, మెల్లగా మొబైల్ డేటాకు మారిపోగలదు. మారాక 192.168.1.10 అన్న అడ్రస్‌కు అర్థం లేదు, అది దుకాణం గోడల మధ్య చెల్లే నాణెం. నెట్ పోగానే గోడౌన్ ఫోన్లో బిల్లు ఆగిపోవడానికి, కౌంటర్ సిస్టంలలో మాత్రం నడుస్తుండడానికి కారణం ఇదే. ఇంటర్నెట్ లేకపోయినా ఈ వైఫైలోనే ఉండమని ఫోన్లో ఒప్పుకోవాలి, లేదా ఆ కాసేపు మొబైల్ డేటా ఆపేయాలి.

కౌంటర్ సిస్టంలలోనూ ఆగుతోందంటే పేజీ తయారీని చూడాలి. అక్షరాల ఫాంట్లు, బటన్లు నడిపే స్క్రిప్టులు బయటి సర్వర్ల నుంచి తెచ్చుకునేలా పేజీని రాసి ఉంటారు. నెట్ లేనప్పుడు బ్రౌజర్ వాటికోసం ఎదురుచూస్తూ తెల్ల తెర చూపిస్తుంది. ఆ ఫైళ్లను సర్వర్లోనే పెట్టుకుంటే చాలు. నెట్ పోయినా పని ఆగదన్న మాట ఎంత నిజమో తెలుసుకోవడానికి రౌటర్ వెనక ఉన్న ఫైబర్ తీగను ఒక ఆదివారం సాయంత్రం పీకి చూడడం మంచి పరీక్ష.

ఉప్పుగాలి, ఎండ

తీగల సంగతి క్లుప్తంగానే. 1000 ఎంబీపీఎస్ వేగానికి నెట్‌వర్క్ తీగలోని 8 పోగులూ కావాలి, 100కు నాలుగు చాలు. ఒక పోగు సరిగా తగలకపోతే వేగం 1000 నుంచి 100కు పడిపోతుంది, లేదా పడుతూ లేస్తూ ఉంటుంది. అలా మారిన ప్రతిసారీ కొన్ని సెకన్లు లైను ఉండదు. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో, హేచరీల్లో ఉప్పుగాలికి జాక్ పిన్నులు చిలుము పట్టడం మామూలే. రాగి పూత పూసిన అల్యూమినియం తీగలు చవకగా దొరుకుతాయి గానీ వంపుల దగ్గర త్వరగా విరుగుతాయి. స్విచ్‌కూ సిస్టంకూ మధ్య 100 మీటర్లు దాటకూడదన్న హద్దు గోడౌన్లలో తెలియకుండానే దాటిపోతుంది. రోహిణి కార్తె ఎండల్లో రేకుల కప్పు కింద, షట్టర్ పైన వేలాడదీసిన స్విచ్ మధ్యాహ్నం రెండింటికి తిక్కగా ప్రవర్తించి సాయంత్రానికి బుద్ధిమంతురాలైతే కారణం వేరే చెప్పనక్కర్లేదు.

సర్వర్ నిండిపోయినప్పుడు

ఇది దుకాణాల్లో అరుదు, కాలేజీ ల్యాబుల్లో తరచూ. విండోస్ మీద నడిచే అపాచీ ఒకేసారి ఎంతమందికి పలకగలదో ఒక అంకె ఉంటుంది. ఏమీ మార్చకపోతే 64. విద్యార్థులు వాడే ఎక్స్ఏఎంపీపీ లాంటి రెడీమేడ్ ప్యాకేజీలో 150. ప్రాక్టికల్ పరీక్ష మొదలై 60 సిస్టంలలో ఒకేసారి పేజీ తెరిచారనుకుంటే, ఒక్కో బ్రౌజర్ ఒక్కో సర్వర్‌కు 6 కనెక్షన్ల దాకా తెరుస్తుంది. అంటే 360. పని అయిపోయిన కనెక్షన్‌ను కూడా ‘ఇంకేమైనా అడుగుతాడేమో’ అని అపాచీ 5 సెకన్లు పట్టుకుని కూర్చుంటుంది. సెంటర్‌లో సినిమా టిక్కెట్ల క్యూలో టిక్కెట్ తీసుకున్నవాడు కౌంటర్ దగ్గరే నిలబడి చిల్లర లెక్కపెట్టుకున్నట్టు. వెనకవాళ్లకు లైను కదలదు.

లోపల డేటాబేస్‌కు ఇంకో హద్దు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా 151 కనెక్షన్లకే ఒప్పుకుంటుంది. పని అయ్యాక కనెక్షన్ మూయని ప్రోగ్రాం ఒకటుంటే ఆ అంకె గంటగంటకూ పెరిగి, ఒక వేళకు తలుపులు మూసుకుంటాయి. రీస్టార్ట్ చేస్తే సున్నా నుంచి మొదలు. ప్రతిసారీ రీస్టార్ట్ చేసిన ఇన్ని గంటలకే పోతోంది అన్న లెక్క కుదిరితే, ఇలా మూయకుండా పోగుపడ్డ కనెక్షన్లే కారణమనుకోవాలి. లినక్స్‌లో ఒక ప్రోగ్రాం తెరవగల ఫైళ్లకు మామూలుగా ఉండే 1024 హద్దు దగ్గరా ఇదే జరుగుతుంది.

ఆన్‌లైన్ సలహాల్లో టైమ్ వెయిట్ స్థితిని (మూసిన కనెక్షన్ పోర్టు కాసేపు విశ్రాంతిలో ఉండడాన్ని) తగ్గించండి, పోర్టుల వరుస పెంచండి అన్నవి ఎక్కువగా కనిపిస్తాయి. లినక్స్ మామూలుగా కేటాయించే పోర్టులు 28,232. ఒక్కోటి 60 సెకన్లు విశ్రాంతిలో ఉంటుందనుకున్నా, ఒకే చోటికి సెకనుకు 470 కొత్త కనెక్షన్లు పుడుతుంటే తప్ప అవి అయిపోవు. మేత దుకాణానికి అంత గిరాకీ ఉంటే సర్వర్ గురించి బెంగ ఉండదు.

బయటి నుంచి చూడాలంటే

ఒంగోలులో ఉన్న సర్వర్‌ను హైదరాబాద్ నుంచి యజమాని చూడాలనుకున్నప్పుడు సమస్య స్వభావమే మారిపోతుంది. ప్రపంచానికి సరిపడా ఐపీవీ4 (పాత తరహా ఇంటర్నెట్) అడ్రస్‌లు లేవు. కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. దాంతో చాలా నెట్ కంపెనీలు వందలమంది వాడకందారులను ఒకే బయటి అడ్రస్ వెనక ఉంచుతున్నాయి. ఇందుకోసం 2012లో ప్రత్యేకంగా కేటాయించిన వరుస 100.64 నుంచి 100.127 దాకా. రౌటర్ పేజీలో బయటి అడ్రస్ ఈ వరుసలో కనిపిస్తే, అక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపును లోపలి సర్వర్‌కు మళ్లించే అమరిక) ఎంత చక్కగా పెట్టినా బయటి వాళ్లు లోపలికి రాలేరు. సొంతింటి తలుపు తీసి పెట్టినా అపార్ట్‌మెంట్ గేటు మూసి ఉన్నట్టు. అడిగి స్టాటిక్ ఐపీ (మారని సొంత బయటి అడ్రస్) తీసుకోవడం, ఐపీవీ6 (కొత్త తరహా అడ్రస్‌లు) వాడడం, లేదా లోపలి నుంచి బయటికి తెరిచే టన్నెల్ పెట్టుకోవడం దారులు. టన్నెల్ పెడితే ఇంతకుముందు చెప్పిన గడువుల బెడద మళ్లీ వస్తుంది కాబట్టి కీప్ అలైవ్ తప్పనిసరి.

లాగిన్ పేజీ చకచకా వచ్చి, పెద్ద పీడీఎఫ్ రిపోర్టు మాత్రం సగంలో ఆగితే ప్యాకెట్ సైజు మీద అనుమానం పెట్టుకోవాలి. మామూలు ప్యాకెట్ 1500 బైట్లు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కలిపే పీపీపీఓఈ లైన్లలో 8 బైట్లు దానికే పోయి 1492 మిగులుతాయి. పట్టని ప్యాకెట్ వచ్చినప్పుడు ‘చిన్నది చెయ్యి’ అని చెప్పే సందేశాన్ని మధ్యలో ఏ ఫైర్‌వాల్ అయినా అడ్డుకుంటే, చిన్నవి వెళ్తాయి, పెద్దవి గల్లంతు.

ఏ వరుసలో వెతకాలి

లోపలి నుంచి బయటికి. ముందు సర్వర్ సిస్టంలోనే పేజీ వస్తోందా? తర్వాత తీగతో కలిపిన పక్క సిస్టంలో? తర్వాత వైఫై ఫోన్లో? చివర బయటి నుంచి? ఎక్కడ ఆగిందో అక్కడిదాకా వచ్చిన భాగమంతా నిర్దోషి. తెగిన క్షణంలోనే ఇవి చూడాలి, మళ్లీ వచ్చాక చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

క్షణం దొరకదు కాబట్టి కాపలా పెట్టాలి. కౌంటర్ సిస్టంలో రెండు నల్ల కిటికీలు (కమాండ్ ప్రాంప్ట్) తెరిచి, ఒకదాంట్లో రౌటర్‌కు, ఇంకోదాంట్లో సర్వర్‌కు ఆగకుండా పింగ్ కొట్టమని వదిలేస్తే చాలు. పింగ్‌ను 1983 డిసెంబర్‌లో మైక్ మ్యూస్ ఒక నెట్‌వర్క్ తంటా తేల్చుకోవడానికి రాశారు, నలభై ఏళ్లు దాటినా దానికి సాటి రాలేదు. రెండూ ఒకేసారి ఆగితే తప్పు ఈ కౌంటర్ తీగదో, స్విచ్‌దో, రౌటర్‌దో. సర్వర్ పింగ్ మాత్రమే ఆగితే సర్వర్ తీగ, అడ్రస్, నిద్ర. రెండూ నడుస్తూ పేజీ మాత్రమే రాకపోతే వెబ్ ప్రోగ్రాం, డేటాబేస్, ఫైర్‌వాల్. కొన్ని ఫైర్‌వాల్‌లు పింగ్‌ను కూడా అడ్డుకుంటాయి కాబట్టి, బాగున్నప్పుడు జవాబొస్తోందో లేదో ముందే చూసుకోవాలి.

సర్వర్ వైపు ‘నెట్‌స్టాట్ మైనస్ ఏఎన్ఓ’ (netstat -ano) అన్న కమాండ్ ఎన్ని కనెక్షన్లు ఏ స్థితిలో ఉన్నాయో చూపిస్తుంది. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో నిద్ర, అడ్రస్ తగవు, తీగ ఊడడం లాంటివి గంట, నిమిషంతో సహా నమోదై ఉంటాయి. ప్యాకెట్లను ఒక్కొక్కటిగా చూపే వైర్‌షార్క్ దాకా వెళ్లాల్సిన అవసరం చిన్న సంస్థల్లో పదింట ఒకసారి రావచ్చు.

కావలి దుకాణంలో గల్లా పక్కన ఒక రఫ్ నోటుపుస్తకం పెట్టి, పోయినప్పుడల్లా గంట రాసి, ఎర్రర్ మాటలు రాసి, పింగ్ కిటికీలు చూసి రెండు నిమిషాలాగాకే సర్వర్ జోలికి వెళ్లమని కుర్రాడికి చెప్పారనుకుందాం. వారానికి పుస్తకంలో రెండు గుంపులు తేలతాయి. ఒకటి పొద్దున 8:05, 8:10, 8:02. ప్రతిసారీ క్షణంలో వచ్చిన ఎర్రర్, రెండు పింగులూ బాగానే ఉన్నాయి. అది రాత్రంతా పలకని డేటాబేస్ కనెక్షన్, ప్రోగ్రాంలో ఒక్క లైను మార్పు. రెండోది 11 గంటలకు అటూఇటూ, పేజీ తిరుగుడు, రెండు పింగులూ ఒకేసారి ఆగి, నిమిషంన్నర తర్వాత ఎవరూ ముట్టకుండానే తిరిగొచ్చాయి. ఆ వేళకు మేడ మీది ట్యాంకుకు నీళ్లెక్కించే మోటార్ వేస్తారు. రౌటర్ ప్లగ్గు మోటార్ లైన్లోనే ఉంది. యూపీఎస్ వెనక ఇంకో సాకెట్ ఖాళీగానే ఉంది.

ఏ గుంపులోనూ చేరనిది ఇంకొకటి మిగులుతుంది. గురువారం సాయంత్రం 4:20, సర్వర్ పింగ్ ఒక్కటే ఆగింది. దాని ఎదురుగా కుర్రాడు పెన్సిల్‌తో రాసుకున్నది ఒకే ముక్క: ‘‘కెమెరాల వాళ్లు వచ్చి వెళ్లారు.’’